మనుషుల్లేని కవాతు

ఇస్త్రీ పెట్టెలో చెంబెడు నీళ్ళు పోసేసింది కోడలు.

బొగ్గులు బుస్సుమన్నాయి. బూడిద లేచి మామగారి మొహాన్ని కప్పేసింది. ఆయన పిడి వదల్లేదు. ఆవిరి మధ్యలోంచి ఆమెకి ఆయన కళ్ళు మాత్రమే కనిపించాయి.

"ఏం చేశావో తెలుస్తోందా అమ్మాయ్?"

"తెలిసే చేశాను మామయ్యా."

"ఈ పెట్టె మా నాన్నది. ఇందులో నిప్పు నేను ఆర్పితేనే ఆరాలి."

"అయితే మీరే ఆర్పాల్సింది. ఊళ్ళో ఏ కొలిమీ దొరల కోసం వెలగట్లేదు. ఏ బండీ దొరల కోసం కదలట్లేదు. మన బల్ల మీద మాత్రం నిప్పు రాజుకుంది."

పెరట్లో తీగల మీద తెల్ల కోట్లు, తెల్ల పంట్లాలు వరసగా ఆరుతున్నాయి. కొత్త గవర్నరుకి వందనం చేసే పటాలం బట్టలవి. బంద్ మొదలవకముందే ఉతుక్కి వచ్చి ఈ ఇంట్లో ఇరుక్కుపోయాయి. గవర్నరు ఎక్కివచ్చిన ఓడ తెల్లారకముందే రేవులో లంగరేసింది. దొర మధ్యాహ్నం దాటాక దిగుతాడు.

ఆ బట్టల ధర ఈ ఇంటి పెద్దకొడుకు.

కోట బండ్లకి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నందుకు అతన్ని పట్టుకుపోయారు. నిన్న దొరల మాట ఊరికి చెప్పే దుబాసీ స్వయంగా గుమ్మంలోకొచ్చి బేరం పెట్టాడు. మధ్యాహ్నానికి బట్టలు మడత నలగకుండా కోటకి చేరితే అబ్బాయి గేటు బయట ఉంటాడు. చేరకపోతే, గవర్నర్ని దింపిన ఓడే అతన్ని ఖైదీల దీవికి మోసుకుపోతుంది. దీవికెళ్ళిన మనిషి తిరిగి రావడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. కోడలు వద్దంటున్నా రాత్రికి రాత్రే బట్టలు తొట్టిలో పడ్డాయి.

"నీ మొగుడమ్మాయ్ వాడు!" అన్నాడు మామగారు. "నాకు కొడుకైతే నీకు మొగుడు. కాస్తయినా భయం లేదా నీకు?"

"పట్టుకుపోయేటప్పుడు ఆయన నాతో అన్న మాట ఒక్కటే. నాన్న చేత పెట్టె పట్టనివ్వకు అని. ఇప్పుడు ఇస్త్రీ చేసి విడిపించుకుంటే వస్తారు. వచ్చి ఈ గుమ్మం ఎక్కరు. మీ అబ్బాయి సంగతి మీకు తెలీదా?"

"ఎక్కకపోతే అరుగు మీద కూర్చుంటాడు. ప్రాణాలతో కూర్చుంటాడు. నాకదే చాలు."

ఆమెకీ అదే చాలు. ఆ మాట పైకి అనకూడదని పళ్ళు బిగపట్టుకుని నిలబడింది.

తీగ చివర అతని చొక్కా ఒకటి ఇంకా వేలాడుతూనే ఉంది. తీసి మడతపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. చొక్కాని తలకిందులుగా వేసి, ఎడమ చెయ్యి తీగ మీంచి వెనక్కి తిప్పి ముడిలా దోపడం అతని అలవాటు. గాలికి పోదంటాడు. తాగి తూలుతున్నట్టుందిరా అని తండ్రి రోజూ తిట్టేవాడు. ఇంకెవరూ అలా వెయ్యరు.

గుమ్మం పక్కన పీట మీద కూర్చున్న అత్తగారు గోడవైపు చూస్తూ అంది. "అమ్మాయ్, మీ మామగారికి చెప్పు, మొహాన బూడిద తుడుచుకోమని."

"మీ అత్తగారికి చెప్పు, నా మొహం సంగతి నేను చూసుకుంటానని."

కొడుకుని తీసుకుపోయిన పూట ఆయన నోరుజారి, వాడు చేసుకున్నదే అన్నాడు. అప్పట్నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడ్డం మానేసింది. ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని కోడలి నెత్తిన పడింది.

"ఇంత గొడవెందుకు వదినా?" మరిది పెరట్లోంచి దూసుకొచ్చాడు. ఊరంతా అతన్ని అగ్గిపుల్ల అంటారు. "మొత్తం కుప్పేసి తగలబెట్టేద్దాం. పీడా పోతుంది."

"ఇంటికొచ్చిన గుడ్డని కాలుస్తావురా?" మామగారు అదిరిపడ్డాడు.

"బంద్ గురించి పంతులమ్మ చెప్పింది నీ చెవిన పడలేదా?" అంది కోడలు. "కొట్టొద్దు, కాల్చొద్దు, దాచొద్దు. వాళ్ళ పని చెయ్యొద్దు, అంతే."

"ఏదైనా చెయ్యమంటే చేస్తాను. ఏమీ చెయ్యకుండా ఉండటమే నాకు చేతకావట్లేదు," అని గొణిగాడు అగ్గిపుల్ల.

"పడవల పెద్దకి కూతురివి నువ్వు," మామగారు మళ్ళీ కోడలి వైపు తిరిగాడు. "ఇస్త్రీ విలువ నీకేం తెలుస్తుంది? మావాణ్ణి చేసుకున్నావని మీ నాన్న ఈ వీధి మొహమే చూడ్డం మానేశాడు. ఆ మొండితనమే నీకూ వచ్చింది."

పుట్టింటి మాట ఎత్తేసరికి ఆమె మొహం కందిపోయింది. నోరు తెరిచేలోపే వీధి తలుపు చప్పుడైంది.

దుబాసీ!

నడిచే వచ్చాడు. బండ్లు లేవు మరి. బూట్ల నిండా దుమ్ము. క్షవరం చేసే దిక్కులేక గడ్డం మాసిపోయింది. చేతిలో గొడుగు మాత్రం ఠీవిగా ఉంది.

"ఏమయ్యా, అయ్యాయా? దొరగారు తొందరపడుతున్నారు."

"ఆరాయి బాబూ. ఇస్త్రీ ఒక్కటే..."

"ఇంకా ఇస్త్రీ కాలేదా?" దుబాసీ విసవిసా పెరట్లోకి నడిచాడు. తీగ మీంచి ఒక కోటు లాగి చేతి మీద వేసుకోబోయాడు.

కోటు వంగలేదు.

ఆయన రెండు చేతులా పట్టి వంచాడు. పెళపెళమంది గానీ వంగలేదు. వేలితో కొట్టి చూశాడు. టకటకమని మోగింది.

"ఇది కోటా, తలుపా?"

అగ్గిపుల్ల కిసుక్కున నవ్వాడు. మామగారు పరుగున వెళ్ళి ఒక్కో కోటునీ తడిమి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నీ అంతే. ఎండలో చెక్కల్లా బిగుసుకుపోయాయి.

"కావాలని చేశారు!" దుబాసీ గొడుగు ఝళిపించాడు. "దీన్ని రాజద్రోహమంటారు తెలుసా?"

"అయ్యో, కావాలని కాదు బాబూ! వేడినీళ్ళలో వేస్తే గంజి వదిలిపోతుంది. మధ్యాహ్నానికి అందిస్తాను."

"అందించకపో, నీ కొడుకు ఓడెక్కుతాడు. ఆపైన నీ ఇష్టం."

తలుపు ధడాలున పడింది.

"గంజి ఎవరు పెట్టారు?" అన్నాడు మామగారు.

"నేనే పెట్టానని మీ మామగారికి చెప్పు," అంది అత్తగారు.

"నేనూ పెట్టాను కదా!" అన్నాడు మామగారు.

అగ్గిపుల్ల బుర్ర గోక్కున్నాడు. "నేనూ పోశాను నాన్నా. తొట్టి చూస్తే పలచగా అనిపించింది. ఎవర్ని అడగను? మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. తగలబెడదామన్నానని నిన్నంతా వదిన నాతో మాట్లాడలేదు."

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుంది కోడలు. కాదు, నవ్వుతోంది. కొడుకుని తీసుకుపోయాక ఆవిడ నోట వినిపించిన మొదటి నవ్వు అది. మధ్యలోనే అది ఏడుపైపోయింది.

"నవ్వులు తర్వాత," మామగారు చొక్కా చేతులు పైకి మడిచాడు. "అందరూ చెయ్యేస్తే ఇంకా అందుతుంది. అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను. బాయిలరు కింద నిప్పు పెట్టు."

అగ్గిపెట్టె గూట్లో ఉంది. తీయకూడదనే అనుకుంది. అయినా చెయ్యి దానంతటదే వెళ్ళి తీసింది. ఒక్క పుల్ల గీస్తే చాలు. సాయంత్రానికి అతను ఎదురుగా ఉంటాడు. తిట్టనీ, మాట్లాడకపోనీ, గుమ్మం ఎక్కకపోనీ. ఎదురుగా ఉంటాడు.

పుల్ల తీసింది.

అప్పుడే గాలి విసురుగా వీచింది. తీగ మీంచి ఒక పంట్లాం జారి, దబ్బున నేల మీద పడింది.

పడిపోలేదు, నిలబడింది. లోపల మనిషి లేకుండా, రెండు కాళ్ళ మీద, సిపాయిలా బిర్రుగా నిలబడింది.

కోడలు దాన్ని రెప్పవెయ్యకుండా చూసింది. పుల్లని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

"మామయ్యా, బట్టలు ఇచ్చేద్దాం. ఇప్పుడే. ఇలాగే."

"ఇస్త్రీ లేకుండానా?"

"ఉతికాం, గంజి పెట్టాం. ఒక్క గుండీ ఊడలేదు. కాల్చలేదు, దాచలేదు. వాళ్ళ సొత్తు వాళ్ళ మైదానంలోనే పెట్టేసి వద్దాం. గవర్నరుకి వందనం చేసే పటాలం కావాలిగా? నిలబెడదాం."

అగ్గిపుల్ల కళ్ళు మెరిశాయి. "వదినా!"

మామగారు నవ్వలేదు. ఆమె వైపు చూసి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి వాడో?"

పెరట్లో గంజి బట్టలు గాలికి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. తీగ చివర అతని చొక్కా ఒక్కటే మెత్తగా ఊగుతోంది.

అత్తగారు పీట మీంచి లేచింది. తిన్నగా భర్త ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఏవండీ."

ఆ పిలుపుకే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"వాణ్ణి కన్నది నేను. వాళ్ళిస్తే పుచ్చుకోడానికి వాడు వాళ్ళ సొత్తు కాదు. పట్టండి ఆ చివర," అని ఒక కోటు అందుకుంది.

ఆయన కండువాతో మొహాన బూడిద తుడుచుకున్నాడు. కోటు రెండో చివర పట్టుకున్నాడు.

"జాగ్రత్తగా పట్టండి అందరూ," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ. "నలగడం మాట అటుంచి, విరిగిపోతాయి."

*

వీధిలోకి వచ్చేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. బంద్ కదా, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. బేకరీ ఆవిడ ముందు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఏమీ అడక్కుండా ఒక పంట్లాం భుజానికెత్తుకుంది. చెప్పులు కుట్టే ఆయన ఒకటి, రేవులో బొగ్గు ఎత్తేవాళ్ళు తలొకటి. చెక్క బొమ్మల్ని మోస్తున్నట్టు ఊరు ఊరంతా బయల్దేరింది.

వీధి మలుపులో పంతులమ్మ ఎదురొచ్చింది. బంద్ కట్టుబాట్లన్నీ పెట్టింది ఆవిడే. కోడలు ఆగిపోయింది. ఇందులో ఏ కట్టుబాటు తప్పామో!

పంతులమ్మ కోటుని ఎగాదిగా చూసింది. లోపల చెయ్యిపెట్టి చూసింది.

"ఎవరికైనా దెబ్బ తగులుతుందా దీనివల్ల?"

"పరువుకి తగులుతుందేమోనండి," అన్నాడు అగ్గిపుల్ల.

పంతులమ్మ పెదవి బిగపట్టి, తనూ ఒక కోటు అందుకుంది.

కవాతు మైదానం కోట గేటుకీ రేవుకీ మధ్య ఉంటుంది. గేటు ముందు కాపలా సిపాయిలు మాసిన ఖాకీల్లో నిలబడ్డారు. ఊరు ఉతకడం మానేశాక ఆ ఖాకీలు నీళ్ళు చూడలేదు. వాళ్ళ ఎదురుగా జనం పంట్లాలు నిలబెట్టి, వాటి మీద కోట్లు దించారు.

"ఆ వరస వంకర పోయింది. మూలది కాస్త వెనక్కి జరపరా!" మామగారు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంత కంగారులోనూ ఆయన చేతులు కాలర్లు సర్దుతూనే ఉన్నాయి.

తెల్లటి పటాలం తయారైంది. తలల్లేవు, చేతుల్లో తుపాకుల్లేవు. ప్రతి కోటు గుండె మీదా రాజు గారి కిరీటం బిళ్ళ తళతళలాడుతోంది. వెనకాల ఊరు నేల మీద కూర్చుంది.

కోట సేనాధిపతి గేటు దాటి వచ్చాడు. తుపాకి మీసాల దొర అంటారు అతన్ని. మొహం జేవురించి ఉంది. పక్కన దుబాసీ.

"తక్షణం ఖాళీ చెయ్యమంటున్నారు దొరగారు!" అరిచాడు దుబాసీ.

మామగారు లేచి నిలబడ్డాడు. "దొరగారికి చెప్పండి. బట్టలు తెచ్చాం. గుండీలతో సహా చూసుకోమనండి."

దొర చెయ్యెత్తి ఒక్క కేక వేశాడు. సిపాయిలు తుపాకులెత్తారు.

కోడలు లేచి మామగారి పక్కన నిలబడింది. ఎదురుగా ఒక ఖాళీ కాలరు ఉంది. అందులోంచి చూస్తే సరిగ్గా ఒక తుపాకి గొట్టం కనిపిస్తోంది. మామగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకెవరూ లేవలేదు. ఎవరూ అరవలేదు. ఇంతమంది ఊపిరి బిగపట్టడం ఆమె ఎప్పుడూ వినలేదు. అవును, అది వినిపించింది.

కాలిస్తే తూటాలు ముందు రాజుగారి కిరీటాల్లోంచి దూరాలి. ఆ సంగతి దొరకి కూడా అప్పుడే తట్టినట్టుంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఒక సిపాయి పక్కవాడితో గుసగుసగా అన్న మాట మైదానమంతా వినిపించింది.

"ఒరేయ్, ముందు వరసలో లావు కోటు నాదేరా!"

పక్కవాడి తుపాకి వణికింది. నవ్వాపుకోలేక. ఆ వణుకు వరసంతా పాకింది. ఒక గొట్టం కిందికి దిగింది, తర్వాత ఇంకొకటి.

రేవులో ఫిరంగి మోగింది. ఓడ సొంత పడవలో గవర్నరు ఒడ్డుకి దిగాడు.

పెట్టెలు మొయ్యడానికి కూలీ లేడు. ఎక్కడానికి బండి లేదు. సంచి చేత్తో పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ మైదానంలోకి నడిచొచ్చాడు. ఎదురుగా తెల్లటి పటాలం వరసలు తీరి ఉంది. అలవాటైన చెయ్యి కదా, దానంతటదే టోపీ దాకా లేచింది. ఖాళీ బట్టలకి గవర్నరు వందనం చేశాడు.

రెండు అడుగులు వేశాక ఆగాడు. మొహాల కోసం వెతికాడు.

ఊరు నవ్వింది. ముసలివాళ్ళు దగ్గుతూ నవ్వారు. బేకరీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. గేటు దగ్గర సిపాయిలు తలలు వంచుకుని నవ్వారు. కోడలు కూడా నవ్వింది. వాళ్ళ కోట కట్టినప్పట్నుంచీ ఈ మైదానంలో జనం భయపడ్డారు, ఏడ్చారు. నవ్వడం ఇదే మొదలు.

గవర్నరు ఎవరి వైపూ చూడకుండా కోటలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి దుబాసీ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"గవర్నరు దొరవారి ఆజ్ఞ! మీవాళ్ళందర్నీ వదిలేస్తున్నారు. ఈ బట్టలు మాత్రం తీసెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది!"

"తియ్యడానికి వీల్లేదండి," అన్నాడు అగ్గిపుల్ల. "బంద్."

గేటు తెరుచుకుంది. ఖైదీలు ఒక్కొక్కరే బయటికొస్తుంటే ఊరు హోరెత్తింది. తల్లులు, పెళ్ళాలు ఎదురు పరుగెత్తారు. కోడలు ప్రతి మొహమూ చూసింది. ఇతను కాదు. ఇతనూ కాదు.

చివరగా ట్రాము నడిపే ఆయన వచ్చాడు. ఆయన వెనక గేటు మూతపడింది.

"మా ఆయనో?"

ట్రామాయన తలదించుకున్నాడు. "లంగరు పడగానే తీసుకుపోయారమ్మా. ఓడ మీదికి."

మామగారు నమ్మలేనట్టు చూశాడు. "లంగరు పడగానేనా? మరి మధ్యాహ్నానికి ఇస్త్రీ చేసిస్తే గేటు బయట ఉంటాడని..." దుబాసీ వైపు తిరిగాడు.

దుబాసీ గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

బేరం పెట్టిన నోటితోనే మోసం చేశారు. ఆ బల్ల మీద ఎన్ని కోట్లు తళతళలాడినా అబ్బాయి వచ్చేవాడు కాదు. మామగారు చాలాసేపు గొడుగు వైపే చూసి, కోడలి తల మీద చెయ్యేశాడు.

"నీళ్ళు పోసి మంచి పని చేశావమ్మా."

ఆమె రేవు వైపు నడిచింది.

*

ఓడ రేవు మధ్యలో నల్లగా నిలబడి ఉంది. దాని గొట్టంలో పొగ లేదు. అత్తమామలూ, బొగ్గు ఎత్తేవాళ్ళంతా ఆమె వెనకే నడిచి వస్తున్నారు.

పై అంతస్తు కటకటాల మీద ఏదో తెల్లగా ఊగుతోంది. కోడలు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది.

చొక్కా. తలకిందులుగా ఉంది. ఎడమ చెయ్యి కడ్డీ మీంచి వెనక్కి తిరిగి, ముడిలా దోపి ఉంది.

"అత్తయ్యా..." అంది. చూపించనక్కర్లేదు. అత్తగారు అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఒడ్డున పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. బంద్ మొదలయ్యాక ఏ తెడ్డూ నీళ్ళు తాకలేదు. చివరి పడవ అంచున పడవల పెద్ద కూర్చుని ఉన్నాడు. కూతురు పెళ్ళి చేసుకున్నాక ఆమెతో ఒక్క మాట మాట్లాడని తండ్రి.

ఆమె ఆయన ఎదురుగా ఆగింది. ఏమని అడగాలి? మొగుడి కోసం బంద్ తప్పమని అడగాలా? ఆయన ఆమె గంజి అంటిన చేతుల్ని చూశాడు, ఓడని చూశాడు, చొక్కాని చూశాడు.

"బంద్ వాళ్ళ పనికి," అన్నాడు గొంతు సవరించుకుని. "మన పనికి కాదు. ఏ పడవ కావాలే?"

"అన్నీ కావాలి నాన్నా. ఓడ బయటికెళ్ళే రేవు మొగకి అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి. మన మీదుగా తప్ప ఆ ఓడకి దారి ఉండకూడదు."

ముసలాయన ముడి లాగాడు. ఆ తాడు జారిన చప్పుడుకి పక్క పడవ తాడు జారింది. ఆ పక్కది. ఆ పక్కది. ఒడ్డంతా తాళ్ళు జారుతున్నాయి.

అప్పుడే ఓడ గొట్టంలోంచి సన్నగా నల్లటి పొగ లేచింది.

"బొగ్గు ఎత్తేవాళ్ళంతా ఇక్కడుంటే నిప్పు వేసిందెవరు?" అన్నాడు మామగారు. "అమ్మాయ్, బయల్దేరుతున్నారే!"

"నిప్పు ఆర్పడం నాకు అలవాటేగా మామయ్యా," అంటూ కోడలు పడవలోకి దూకింది.